అమ్మ వెళ్ళాలా, వద్దా

"ఎర్ర గిన్నెలో పొయ్యమంటావా, నీలం గిన్నెలో పొయ్యమంటావా?"

మా ఆయన రోజూ పొద్దున్నే మా పాపని అడిగే మొదటి ప్రశ్న ఇది. నిలబడి అడగరు. గొంతుక్కూర్చుని, పాప కళ్ళూ తన కళ్ళూ ఒక ఎత్తులోకి వచ్చాక అప్పుడు అడుగుతారు. పాప గడ్డం కింద వేలు పెట్టుకుని ఆలోచిస్తుంది. దేశాన్ని ఏలేవాళ్ళు కూడా అంత తీరిగ్గా ఆలోచించరేమో. ఆ ఆలోచన తెమిలేలోపు పాలు చల్లారిపోతాయి. వాటిని మళ్ళీ వెచ్చబెట్టేది నేను. ఎర్ర గిన్నె అంటే సింకులోంచి తీసి కడిగేది నేను. కడిగాక నీలం గిన్నె అని మాట మారిస్తే, "మనసు మార్చుకునే హక్కు దానికుంది కదోయ్" అని ఆయన నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ మాట ఆయనకి నేర్పిందే నేను మరి. ఎవర్నని ఏం లాభం?

నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఇంకా పలక పట్టని పిల్లలకి. అక్షరాలు దిద్దించడం మా పని కాదు. పిల్లలు రేపెప్పుడో పెద్దయ్యాక మనుషులవుతారనుకోకుండా, ఇవాళే మనుషులని, వాళ్ళకీ హక్కులున్నాయని, ఈ బడికి వాళ్ళూ పౌరులేనని నమ్మి నడుచుకోవడం మా పని. వినడానికి భలే ఉంటుంది కానీ చెయ్యడం చచ్చేంత కష్టం. ముక్కు కారుతున్న పిల్ల ముక్కు తుడవాలన్నా "తుడవనా?" అని అడగాలి. "ఇప్పుడు కాదు" అంటే రుమాలు పట్టుకుని ఆగాలి. ఎత్తుకునే ముందు అడగాలి. పిల్లలు ఎదురుగా ఉండగా వాళ్ళ గురించి వాళ్ళ నెత్తి మీదుగా మాట్లాడుకోకూడదు. ఏ కథ చదవాలో, వాన తగ్గాక తోటలోకి వెళ్ళాలో లేదో అందరం గుండ్రంగా కూర్చుని చేతులెత్తి తేల్చుకుంటాం. పిల్లలు దాన్ని 'గుండ్రం' అంటారు. ఏ గొడవొచ్చినా "టీచర్, గుండ్రం పెట్టండి" అని అరుస్తారు.

రుమాలు పట్టుకుని అలా ఎదురుచూసేటప్పుడు నా కడుపులో ఏదో రగిలేది. మొదట్లో గ్యాస్ అనుకున్నాను. మాత్రలు కూడా మింగాను. అది గ్యాస్ కాదని, శుద్ధమైన కుళ్ళని తర్వాత తెలిసింది. మూరెడు లేని పిల్ల "ఇప్పుడు కాదు" అనగానే చదువుకున్న పెద్దమనిషి ఒకతి చెయ్యి వెనక్కి తీసుకుని నిలబడుతుంది. నేను ఇప్పుడు కాదు అంటే ఈ భూమ్మీద ఆగినవాళ్ళెవరున్నారు? జ్వరంతో పడుకున్నా "కాస్త లేచి ఆ కాఫీ ఏదో పెట్టేసి పడుకోమ్మా" అనే అత్తయ్య ఆగుతుందా? తలనొప్పని చెప్పి అటు తిరిగి పడుకున్నా "అయిదు నిమిషాలేగా" అనే ఆయన ఆగుతారా?

బడిలో పిల్లలంటే పరాయివాళ్ళ పిల్లలు, సర్దుకోవచ్చు. ఇంట్లో నా కూతురి మీదే కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. దాని మీద ప్రాణం పెట్టుకున్నదాన్నే. దానికి దగ్గొస్తే నాకు నిద్ర పట్టదు. అయినా సరే, దాని ముందు ఆయన అలా గొంతుక్కూర్చున్నప్పుడు, దాని ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగినప్పుడు, ఆ ఆగడం మీద నాకు ఓర్వలేనితనం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా జవాబు కోసం అలా ఆగింది నాకు గుర్తులేదు. నన్ను అడగరని కాదు. అడుగుతారు. "నా నీలం చొక్కా ఎక్కడుంది?" అంటారు. "అమ్మ మందులు తెచ్చావా?" అంటారు. వాటికి నేను జవాబు చెప్పేసరికి ఆయన గదిలో ఉండరు.

దీనికంతటికీ మూలం కూడా నేనే. తల్లిదండ్రులకి పిల్లల హక్కుల గురించి చెప్పే మీటింగు పెట్టినప్పుడు, తండ్రులెవరూ రారని బతిమాలి ఆయన్ని తీసుకెళ్ళాను. ఆ రోజు నేను చెప్పినదంతా ఆయన శ్రద్ధగా విన్నారు. నిజం చెప్పొద్దూ, అంతసేపు నా మాటలు ఆయన విన్నది అదే మొదటిసారి. విని, మనసా వాచా పట్టుకున్నారు. తర్వాతి మీటింగులో 'పాప మాట వినే నాన్న'గా మాట్లాడమని ఆయన్నే పిలిచారు. "మా ఇంట్లో ఏదైనా అందరం కలిసే నిర్ణయించుకుంటాం. మా పాప ఓటూ నా ఓటూ సమానం" అన్నారు మైకు పట్టుకుని. నేను గదిలో వెనక కాఫీ కప్పులు సర్దుతున్నాను. ఒకావిడ నా దగ్గరికొచ్చి, "ఎంత అదృష్టవంతురాలివమ్మా, అలాంటి మనిషి దొరకడం" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంకొకావిడ, "మీవారిని చూసి మీరు కూడా నేర్చుకుని ఉంటారు, కదండీ?" అంది. అవునండీ అన్నాను. కప్పు పగలగొట్టలేదు. అది నా గొప్పతనం.

అప్పట్నుంచి మా ఇంట్లో కూడా ఆదివారం గుండ్రం మొదలైంది. హాల్లో దిండ్లు గుండ్రంగా వేసేది ఆయన. మళ్ళీ తీసేది నేను. ఏ పార్కుకి వెళ్ళాలి, పరదాలు ఏ రంగువి కొనాలి, పిల్లిని పెంచాలా వద్దా, ఇవన్నీ చేతులెత్తి తేల్చాం. ఆయన ఉద్యోగం మారి ఊరు మారినప్పుడు మాత్రం ఎవరూ చేతులెత్తలేదు. అప్పుడు నేను వదిలేసి వచ్చిన బడిలో నన్ను పెద్ద టీచర్ని చేస్తామన్నారు. "అక్కడా బళ్ళుంటాయిగా" అన్నారాయన. ఉన్నాయి. ఇక్కడ నేను చేరి ఇన్నాళ్ళయినా మా పెద్ద టీచరు సెలవు పెట్టిన రోజున మాత్రమే పెద్ద టీచర్ని.

ఆ పెద్ద టీచరే ఒకరోజు పిల్లలందరూ వెళ్ళిపోయాక, నేను రంగుల బ్రష్షులు కడుగుతుంటే పక్కనొచ్చి నిలబడింది. బళ్ళు తిరిగి కొత్త టీచర్లకి ఈ పద్ధతి నేర్పేవాళ్ళు కావాలట. దానికి మూడు నెలలు వేరే ఊళ్ళో శిక్షణ. వారమంతా అక్కడే ఉండాలి, సెలవురోజుల్లో ఇంటికి రావచ్చు. "నీ పేరు ఇద్దామనుకుంటున్నాను. నీకు వెళ్ళాలనుందా?" అంది.

"ఇంట్లో అడిగి చెప్తానండీ."

"ఇంట్లో సంగతి తర్వాత. నేనడిగింది నిన్ను."

వెళ్ళాలని ఉందని నోటిదాకా వచ్చింది. నేను మాట్లాడుతుంటే గదినిండా టీచర్లు రాసుకుంటున్నట్టు ఒక్క క్షణంలో ఊహించేసుకున్నాను, నాకు అంత ఆశ ఉందని నాకే తెలీదు. కానీ పైకి మాత్రం, "సోమవారం చెప్తానండీ" అన్నాను. ఆవిడ ఒక బ్రష్షు అందుకుని కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెప్పగానే ఆయన చాలా సంతోషించారు. "గ్రేట్!" అన్నారు. భుజం తట్టారు. తర్వాత, "సరే, ఆదివారం గుండ్రంలో పెడదాం. ఇంట్లో అందరి విషయం కదా ఇది" అన్నారు. ఎంత పద్ధతైన మాట! కాదనడానికి నాకు సందు దొరకలేదు. నా పాఠమే అది.

ఆదివారం భోజనాలయ్యాక దిండ్లు పడ్డాయి. నేను కాఫీ ట్రేతో వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన అప్పటికే పాప ముందు కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని చెబుతున్నారు. "అమ్మ చాలా రోజులు వేరే ఊరెళ్ళాలంట బంగారం. పడుకునేటప్పుడు కథ చెప్పడానికి అమ్మ ఉండదు. లేచేసరికి అమ్మ ఉండదు. నీకు జ్వరమొచ్చినా అమ్మ ఉండదు. మరి అమ్మ వెళ్ళాలా, వద్దా? నీ ఇష్టం. నువ్వేం చెబితే అదే."

జవాబుని ప్రశ్నలోనే దాచిపెట్టి పిల్లల్ని అడగకూడదని కొత్తగా చేరినవాళ్ళకి మొట్టమొదట నేను చెప్పే మాట. అడగడం కాదు అది, నోట్లో కుక్కడం. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోపే పాప "వద్దు!" అని అరిచింది.

"వెళ్ళకూడదు అనేవాళ్ళు చేతులెత్తండి."

ఆయన మాట పూర్తికాకముందే అత్తయ్య చెయ్యి లేచింది. ఆయనది నెమ్మదిగా, చాలా బాధపడుతున్నట్టుగా లేచింది. పాప రెండు చేతులూ ఎత్తింది. ఎత్తి, గుండ్రంలో చెయ్యెత్తనిదాన్ని నేనొక్కదాన్నే కనిపించేసరికి, "అమ్మా, నువ్వు కూడా! నువ్వు కూడా!" అని గెంతడం మొదలుపెట్టింది. దానికది ఆట. ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. ఒక చేతిలో ట్రే ఉంది. రెండో చెయ్యి, నా చెయ్యే, నా మాట వినకుండా పైకి లేచింది. దాంతో పాటే మొహాన ఒక నవ్వూ వచ్చి కూర్చుంది.

"ఏకగ్రీవం!" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. "చూశావా, నువ్వూ ఒప్పుకున్నావు. అదీ ప్రజాస్వామ్యం అంటే" అని కాఫీ అందుకున్నారు.

"పంచదార తగ్గిందమ్మా" అంది అత్తయ్య.

ఆ సాయంత్రమంతా పాప నా చుట్టూనే తిరిగింది. నన్ను గెలుచుకున్నాననే అనుకుంది కాబోలు. నేను మాత్రం దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని మీద కుళ్ళుకుంటూనే ఉన్నాను. దాని ఒక్క 'వద్దు'కి ఎంత బలం! నా మూడు నెలల్ని, నా ఊహలో కూర్చున్న టీచర్లందర్నీ ఒక్క ఊపులో తుడిచేసింది. నా నోట్లో అలాంటి వద్దు ఒక్కటుంటే నేను ఏమేం ఆపి ఉండేదాన్నో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున అది ఎర్ర గిన్నె అంటే నీలం గిన్నెలో పాలు పోసి ముందు పెట్టాను. "ఎర్రది అన్నాను కదా!" అంది. "ఎర్రది లేదు, తాగు" అన్నాను. సింకులో నాకు కనిపిస్తూనే ఉంది ఎర్రది. అది పెదవి విరిచి ఏడవబోయి, నా ముఖం చూసి మానేసి తాగేసింది. నేను గెలిచాను. అంత నీచమైన గెలుపు నాకు ఇంకోటి గుర్తులేదు.

అదే మనసుతో బడికెళ్ళాను. మా క్లాసులో ఒక పిల్ల ఉంది. ఎండనక వాననక రబ్బరు బూట్లు వేసుకునే వస్తుంది. అవి వాళ్ళక్కవి, సైజు పెద్దవి, నడిస్తే టపటపా చప్పుడు. అందరూ ఆ పిల్లని బూట్లమ్మ అంటారు. బూట్లమ్మ ఆ బూట్లు మధ్యాహ్నం పడుకునేటప్పుడు కూడా విప్పదు, పక్కలో కాళ్ళు బయటపెట్టి పడుకుంటుంది. ఆ రోజు నేను బ్లాకుల అర సర్దుతుంటే, క్లాసులో అందరికన్నా వాదించేవాడు, మేం లాయరుగారనే పిల్లాడు, నన్ను పిలవకుండానే గుండ్రం పెట్టేశాడు. నేను తిరిగి చూసేసరికి అందరూ కూర్చుని ఉన్నారు.

"బూట్లమ్మ బూట్లు చప్పుడు చేస్తున్నాయి. కథ వినిపించట్లేదు. బూట్లు వేసుకోకూడదు అనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు లాయరుగారు.

చేతులన్నీ లేచాయి. బూట్లమ్మ ఆ చేతుల వంక అటూ ఇటూ చూసింది. అందరూ తన వైపే చూస్తున్నారు. మెల్లగా తన చెయ్యి కూడా ఎత్తింది. మొహాన ఒక నవ్వు పెట్టుకుంది, అందరితో పాటు ఆటలో ఉన్నట్టు. వెంటనే ఇద్దరు పిల్లలు వెళ్ళి ఆ బూట్లు లాగడం మొదలుపెట్టారు. అప్పుడు కూడా ఆ నవ్వు అలాగే ఉంది. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి.

ఆ నవ్వుని నేను గుర్తుపట్టాను. నిన్న కాఫీ ట్రే పట్టుకుని నేను నవ్విన నవ్వే అది. నేను పరుగున వెళ్ళి వాళ్ళ మధ్యలో కూర్చున్నాను. "ఆగండి. బూట్లు వదలండి" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. పిల్లలు వదిలేశారు.

"మేం చేతులెత్తాం టీచర్. అందరం ఎత్తాం" అన్నాడు లాయరుగారు, అన్యాయం జరిగిపోయినట్టు.

"అన్నిటికీ చేతులెత్తడం ఉండదు నాన్నా. ఏ కథ చదవాలో అందరం కలిసి చెప్పొచ్చు, ఎందుకంటే కథ అందరం వింటాం. ఆ కాళ్ళు బూట్లమ్మవి. ఆ కాళ్ళకి ఏం వేసుకోవాలో బూట్లమ్మే చెప్పాలి. చప్పుడు మీకు ఇబ్బందైతే ఆ మాట తనతో చెప్పండి, కథప్పుడు తను నెమ్మదిగా నడుస్తుంది. అందరం చేతులెత్తినా సరే, తన కాళ్ళు మనవి అయిపోవు."

లాయరుగారు ఊరికే ఒప్పుకోడు. "మరి బూట్లమ్మ కూడా చెయ్యెత్తింది కదా టీచర్?"

పిల్లలందరూ నా నోటి వైపే చూస్తున్నారు. బూట్లమ్మ కూడా చూస్తోంది, తన గురించి తనకే తెలియనిదేదో నేను చెబుతానన్నట్టు.

"అందరూ తన వైపే చూస్తుంటే భయమేసి ఎత్తింది" అన్నాను. "ఒక్కతే అయిపోతానని ఎత్తింది. అది ఒప్పుకోవడం కాదు. అలా ఎత్తిన చెయ్యి మళ్ళీ దించేసుకోవచ్చు. ఎప్పుడైనా దించేసుకోవచ్చు."

బూట్లమ్మ ఎప్పుడో దించేసిన చెయ్యిని ఒడిలో ఇంకా కిందికి నొక్కుకుంది. తర్వాత బూట్లు పైకి లాక్కుని, ముక్కు చీదుకుని, టపటపా నడుచుకుంటూ పోయి కిటికీ దగ్గర కూర్చుంది. ఆ పిల్ల మీద నాకు ఆ క్షణంలో వచ్చిన ఈర్ష్య ఇంతా అంతా కాదు. దానికి అడ్డం పడడానికి ఒక టీచరుంది. పరిగెత్తుకుంటూ వచ్చి, వదలండి అనడానికి ఒక మనిషి ఉంది. నిన్న మా హాల్లోకి ఎవరొచ్చారు? ఎవరూ రారని, వస్తే నేనే రావాలని అర్థమయ్యేసరికి ఏడుపొచ్చింది, దాంతో పాటే కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువొచ్చింది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక పెద్ద టీచరు గదికి వెళ్ళాను. "నాకు వెళ్ళాలనుందండీ. నా పేరు ఇవ్వండి" అన్నాను. "ఇంట్లో?" అంది ఆవిడ. "ఇంట్లో వాళ్ళకి చెప్తాను" అన్నాను. అడుగుతాను అనలేదు. ఆవిడ అది గమనించినట్టే ఉంది, కుర్చీ చూపించి కూర్చోమంది.

సాయంత్రం అన్నాలు తినేటప్పుడే చెప్పాను. పాప ముందే చెప్పాను. దాని నెత్తి మీదుగా మాట్లాడడం నాకిష్టం లేదు. "వచ్చే నెల శిక్షణకి వెళ్తున్నాను. పేరు ఇచ్చేశాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అదేంటి? నిన్ననే కదా అనుకున్నాం. నువ్వూ చెయ్యెత్తావుగా."

"ఎత్తాను. దించేసుకున్నాను."

"ఇదెక్కడి చోద్యమమ్మా, చేతులెత్తి మళ్ళీ లేదంటారా ఎవరైనా" అంది అత్తయ్య, ముక్కున వేలేసుకుని.

పాపకి విషయం అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఒక్కసారిగా గొల్లుమంది. "నేను వద్దన్నాను కదా! నేను వద్దన్నాను కదా!" అని నేలమీద పడి కాళ్ళు తాటిస్తోంది. ఆ ఏడుపు చూసి కూడా, దేవుడా, నాకు కుళ్ళే వచ్చింది. ఇంటికప్పు ఎగిరిపోయేలా అలా ఏడవగలగడం, ఏడుస్తుంటే ఎవరైనా పక్కకొస్తారన్న ఆ నమ్మకం! కన్న పిల్ల మీద ఇంత కుళ్ళు ఏమిటని ఈసారి నన్ను నేను తిట్టుకోలేదు. అది ఉన్నంత హాయిగా ఉండాలని నాకు ఆశ, అంతే. ఆ ఆశని దాని దగ్గర్నుంచి లాక్కోనక్కర్లేదని ఇన్నాళ్ళూ తట్టలేదు నాకు.

చెయ్యి కడుక్కుని వచ్చి దాని పక్కనే నేలమీద కూర్చున్నాను. "విన్నాను నాన్నా. నువ్వు వద్దన్నావు. నీకు అమ్మ కావాలి. నాకు తెలుసు. కానీ అమ్మ వెళ్తుంది, సెలవురోజులకి వచ్చేస్తుంది. నీకెంత ఏడుపొస్తే అంత ఏడువు, నేనిక్కడే ఉంటాను."

అది నా ఒళ్ళోకి రాలేదు. నా మీద కోపంగా ఉంది. ఉండనీ, దాని కోపం దానిది. కానీ ఏడుస్తూ ఏడుస్తూనే కొంచెం కొంచెంగా జరిగి, దాని కాలు నా కాలికి ఆనించింది.

ఆయన కుర్చీలోంచి లేచి మా దగ్గరికొచ్చారు. కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "చూడు, దాన్నెలా ఏడిపిస్తున్నావో. రోజూ బడిలో చెప్పేది ఇదేనా? చిన్నపిల్లయితే మాత్రం దాని మాటకి విలువ లేదా ఈ ఇంట్లో?"

"ఉంది" అన్నాను. పాప వీపు మీద చెయ్యి వెయ్యనా అని అడిగి, తలూపాక వేసి, ఆయన వైపు చూశాను. "అందుకే దాని వెనకాల మీరు దాక్కోకండి. అది చెప్పాల్సింది అది చెప్పింది. మీకు వద్దని ఉంటే మీ నోటితో మీరే అనండి. వింటాను. విని, వెళ్తాను."